జాజికాయ నుంచి ఆజాదీ దాకా

సంఘం వార్షిక సంచికకు ఏటా ఒక చరిత్ర వ్యాసం వ్రాయడం మాకు అలవాటైంది. ఈసారి ఏ విషయం తీసుకోవాలా అని ఆలోచిస్తుండగా మా ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు దారి చూపించాడు. ఆ రోజు ప్రపంచ పటం గోడకు తగిలించి యూరపువారి వలస రాజ్యాల పాఠం చెబుతున్నాము. బెత్తంతో హాలండును చూపించాము. పటం మీద అది బెత్తం మొనకు సరిపోయేంత ఉంది. తరువాత అటు చివరనున్న ఇండోనేషియా దీవులను చూపించి, వీటన్నింటినీ ఆ హాలండు వారే ఏలారని చెప్పాము. వెనుక బెంచీలోని పిల్లవాడు లేచి, "సార్, ఇంత చిన్న దేశం అంత దూరం పోయి అన్ని దీవులను ఎట్లా పట్టుకుంది? వాళ్ళు ఎందుకు పట్టనిచ్చారు?" అని అడిగాడు.

"వాళ్ళ దగ్గర ఫిరంగులు ఉన్నాయిరా, కూర్చో" అన్నాము. గంట కొట్టారు, పాఠం అయిపోయింది. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు మాకే నచ్చలేదు. ఫిరంగులు ఒక్క హాలండు వారి దగ్గరే ఉన్నాయా? మన గోల్కొండ కోట మీద లేవా? వాడు అడిగిన రెండవ ప్రశ్న, "ఎందుకు పట్టనిచ్చారు" అనేది, మరీ గట్టి ప్రశ్న. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి మేము బాకీపడిన జవాబు. వాడితో పాటు మన పెద్దలు కూడా చదివితే సంతోషిస్తాము.

బందరులో వలందపాలెం

కథ ఎక్కడో ఉన్నా దాని ఒక కొస మన తెలుగు గడ్డ మీదనే ఉంది. మచిలీపట్నంలో ఇంగ్లీషుపాలెం ఉంది, ఫరాసుపేట ఉంది, వలందపాలెం కూడా ఉంది. వలంద అంటే హాలండు. ఉర్దూలో మనం 'వలందేజీ' అంటాము. ఇండోనేషియావారు 'బెలాందా' అంటారు. ఈ మాటలన్నీ హాలండు అనే పేరు నుంచి పుట్టినవే.

గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో, 1606 ప్రాంతంలో, డచ్చి కంపెనీ వారు బందరులో కోఠీ పెట్టుకోవడానికి అనుమతి సంపాదించారు. తరువాత నిజాంపట్నం, నరసాపురం, పాలకొల్లు, భీమునిపట్నం మొదలైన చోట్ల కూడా వ్యాపారం సాగించారు. బందరులోను, భీమిలిలోను వారి సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. 1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఈ స్థావరాలన్నీ ఇంగ్లీషువారి వశమైనాయి.

ఇంతకూ వారు ఇక్కడికి ఎందుకు వచ్చినట్లు? బట్ట కోసం. జాజికాయ, జాపత్రి, లవంగం పండే దీవుల్లో జనం వెండి నాణేలకంటే మన తీరపు నూలుబట్టను, అద్దకపు బట్టను ఎక్కువ ఇష్టపడేవారు. ఇక్కడ బట్ట కొని, అక్కడ ఇచ్చి, దాని బదులు మసాలా దినుసులు తీసుకొని, వాటిని యూరపులో అమ్ముకోవడం వారి ఎత్తు. మన నేతగాని మగ్గానికీ, ఎన్నడూ చూడని దీవుల్లోని జాజి చెట్టుకూ ఆ విధంగా ముడి పడింది.

డచ్చివారి కంటే ముందే బందరు ముస్లిం వర్తకుల ఓడలు సుమత్రా దీవిలోని ఆచే రేవుకు పోయి వస్తుండేవి. ఎవరి సరుకు వారిది, ఎవరి బేరం వారిది. ఒక దేశంవాడు మరొక దేశంవాడిని "నాకు తప్ప ఎవరికీ అమ్మగూడదు" అని శాసించడం ఆ వ్యాపారంలో లేదు. ఆ మాట కత్తితో అన్నవారు యూరపువారు. 1511లో మలక్కాను పట్టుకొని పోర్చుగీసువారు మొదలుపెట్టారు. డచ్చివారు దానిని ఒక శాస్త్రంగా చేసిపెట్టారు.

కంపెనీకి రాజదండం

1602లో హాలండులో ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. పేరుకు అది వర్తక సంఘం. జనం వాటాలు కొన్నారు, సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం పోగైంది. కాని ఆ దేశ ప్రభుత్వం దానికిచ్చిన పట్టాలో ఏముందో చూడండి. తూర్పు దేశాల్లో కోటలు కట్టవచ్చు, సైన్యం పెట్టవచ్చు, యుద్ధం చేయవచ్చు, రాజులతో ఒప్పందాలు చేసుకోవచ్చు. వ్యాపారి చేతికి తక్కెడతో పాటు రాజదండం కూడా ఇచ్చినట్లయింది. రాజుకు ప్రజల ముందు ఎంతో కొంత సిగ్గు ఉంటుంది. కంపెనీకి వాటాదారుల ముందు లెక్క చెప్పుకుంటే చాలు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1609లో హ్యూగో గ్రోషియస్ అనే డచ్చి న్యాయ పండితుడు 'స్వేచ్ఛా సముద్రం' అని ఒక పుస్తకం వ్రాశాడు. సముద్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఎవరైనా ఎక్కడికైనా పోయి వ్యాపారం చేసుకోవచ్చునని అందులో వాదించాడు. పోర్చుగీసువారు అడ్డు వస్తున్నప్పుడు డచ్చివారికి ఆ వాదం తీయగా ఉంది. తీరా తాము బలపడ్డాక, మకస్సార్ సుల్తాను అలావుద్దీన్‌ను మసాలా దీవుల వ్యాపారం మానుకొమ్మని బెదిరించారు. దేవుడు భూమిని మనుషులకు పంచి ఇచ్చాడు గాని సముద్రాన్ని అందరికీ ఉమ్మడిగా ఇచ్చాడని 1615లో ఆ సుల్తాను జవాబు చెప్పాడు. తమ పండితుడు వ్రాసిన మాటనే ఎదుటివాడు చెబితే వారికి చేదు అయింది.

బందా దీవుల గోడు

మన ఇళ్ళలో బిర్యానీకి, కుర్మాకు జాపత్రి, జాజికాయ లేనిదే వాసన రాదు గదా. ఆ రోజుల్లో ప్రపంచం మొత్తానికీ జాజికాయ వచ్చేది ఒక్క బందా దీవుల నుంచే. పటంలో వెతికినా దొరకనంత చిన్న దీవులవి. అక్కడి జనం ముస్లింలు. వారికి రాజు లేడు. 'ఒరాంగ్ కాయా' అని పిలువబడే పెద్దలు కూర్చొని వ్యవహారాలు చక్కబెట్టుకునేవారు.

డచ్చివారు అక్కడి కొందరు పెద్దల చేత 1602లోనే ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. జాజికాయ మాకు తప్ప ఇతరులకు అమ్మరాదని షరతు. పెద్దలందరూ సంతకం చేయలేదు. చేసినవారు కూడా, తరతరాలుగా బియ్యం, సాబుదానా తెచ్చి ఇచ్చే జావా, మకస్సార్ వర్తకులతో బేరం మానుకోలేదు. మానుకుంటే తినడానికి తిండి ఎక్కడిది? దీవుల్లో పండేది జాజికాయ గాని బియ్యం కాదు. కంపెనీ మాత్రం ఆ కాగితం పట్టుకొని "మాట తప్పారు" అన్నది.

1619లో జకార్తా నగరాన్ని తగలబెట్టి దాని మీద బటావియా కట్టించిన కంపెనీ గవర్నరు జనరలు యాన్ పీటర్సన్ కూన్, 1621లో స్వయంగా ఓడల దండుతో బందా మీద పడ్డాడు. మే నెల 8వ తేదీన 44 మంది పెద్దలను జపాను కిరాయి సైనికుల చేత నరికించాడు. అంతకు ముందు ఆ దీవుల జనాభా సుమారు 15,000 అని చరిత్రకారుల అంచనా. యుద్ధం, ఆకలి, బహిష్కారం అయ్యేసరికి అక్కడ మిగిలినవారు వెయ్యిమంది. ఖాళీ అయిన తోటలను ముక్కలు చేసి కంపెనీ తన మనుషులకు పంచింది. పని చేయడానికి బానిసలను తెచ్చింది. కరువు రోజుల్లో కోరమాండల్ తీరం నుంచి కూడా కంపెనీ ఓడలు బానిసలను ఎక్కించుకొని పోయాయి. బట్టతో మొదలైన ముడి చివరకు మనిషి మెడకే పడింది.

తప్పించుకున్న కొన్ని కుటుంబాలు పడవల మీద కేయి దీవులకు చేరాయి. వారి సంతతి నేటికీ అక్కడి రెండు పల్లెల్లో ఉంది. బందా దీవుల్లో మాసిపోయిన బందా భాష ఆ పల్లెల్లో మాత్రం నిలిచింది. తోట పోయింది, ఊరు పోయింది, గోరీలు కూడా వెనకే ఉండిపోయాయి. తల్లి నేర్పిన మాట ఒక్కటి పడవలో వెంట వచ్చింది. ఉర్దూ బడిలో పంతులుగా ఉన్న మాకు ఈ సంగతి చదివినప్పుడు గొంతు పట్టేసింది.

ఒక్క విషయం గమనించండి. ఇదే కంపెనీ మన బందరులో సుల్తాను గారి ఫర్మానా చేత పట్టుకొని, కానుకలు చెల్లించుకొని, అధికారుల ముందు వినయంగా వ్యాపారం చేసింది. బందాలో ఊచకోత కోసింది. మనుషులు వారే, ఫిరంగులు అవే. తేడా ఎదుటివాడి కట్టులో ఉంది. ఒక చోట వెనుక ఒక రాజ్యం నిలబడి ఉంది. మరొక చోట ఊరూరికీ ఒక పెద్ద, ఆ పెద్దల్లో కూడా సగం మంది ఒకవైపు, సగం మంది మరొకవైపు.

చీలికల మీద లేచిన రాజ్యం

తరువాతి కథ అంతా ఈ సూత్రం మీదనే నడిచింది. మకస్సార్ సుల్తాను హసనుద్దీన్ మహా వీరుడు. ఆయనను ఓడించడానికి కంపెనీ ఆయన మీద పగపట్టిన బుగిస్ నాయకుడు అరుంగ్ పలక్కాను చేరదీసింది. 1667లో బొంగాయా సంధితో మకస్సార్ వ్యాపారం కట్టుబడింది. జావాలో మాతరం అనే పెద్ద ముస్లిం రాజ్యం ఉండేది. అక్కడ గద్దె కోసం అన్నదమ్ములు, పినతండ్రులు కొట్టుకున్నప్పుడల్లా కంపెనీ ఒకవైపు నిలబడి, సాయానికి కూలిగా ఒక్కొక్క జిల్లా వ్రాయించుకున్నది. చివరకు 1755లో ఆ రాజ్యాన్ని సురకర్తా, యోగ్యకర్తా అని రెండుగా చీల్చింది. ఇంట్లో పొత్తు కుదరక వీధిలోని వాడిని తీర్పరిగా పిలిస్తే, వాడు తీర్పు చెప్పి ఇల్లు తీసుకున్నాడు.

1799 చివర కంపెనీ అప్పుల్లో మునిగి మూతబడింది. దాని ఆస్తులనూ అప్పులనూ హాలండు ప్రభుత్వమే నెత్తికెత్తుకున్నది. 1825లో యోగ్యకర్తా రాకుమారుడు దీపొనెగొరో తిరుగుబాటు చేశాడు. తన పెద్దల గోరీల నేల మీదుగా రోడ్డు వేయడానికి గుంజలు పాతడం వెంటనే కనిపించిన కారణం. లోపల మాత్రం పన్నులు, భూముల కౌళ్ళు, రైతుల కడుపుమంట ఉన్నాయి. ఐదేళ్ళ యుద్ధంలో సుమారు 2 లక్షల మంది జావా ప్రజలు చనిపోయారు. 1830 మార్చి 28న, రంజాన్ నెల గడచి ఈద్ పండుగ వెళ్ళీ వెళ్ళకముందే, మాటలకు పిలిచి మాగెలాంగ్‌లో ఆయనను పట్టుకున్నారు. పాతికేళ్ళు ప్రవాసంలో ఉండి, 1855లో మకస్సార్‌లో ఆయన కన్నుమూశారు.

ఆచే సుల్తానేటు మీదికి 1873లో సైన్యం వెళ్ళింది. మొదటి దండయాత్రలోనే బైతుర్రహమాన్ మసీదు దగ్గర డచ్చి సేనాపతి కోలర్ హతుడయ్యాడు. ఆ యుద్ధం ముప్పై ఏళ్ళు సాగింది. భర్త త్యూకు ఉమర్ 1899లో చనిపోయిన తరువాత ఆయన భార్య చుత్ న్యా ధీన్ అడవుల్లో ఉండి పోరాటం నడిపించింది. చూపు తగ్గి, ఒళ్ళు ఉడిగాక పట్టుబడి, జావాలో ప్రవాసంలో 1908లో మరణించింది. ఇండోనేషియా మొత్తాన్నీ డచ్చివారు మూడున్నర శతాబ్దాలు ఏలారని పుస్తకాల్లో వ్రాస్తారు గాని అది సరి కాదు. ఆచే, బాలి వంటి ప్రాంతాలు 20వ శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా లొంగలేదు.

కాఫీ తోటలు, కరువు

దీపొనెగొరో యుద్ధం ఖజానాను ఖాళీ చేసింది. దానిని నింపడానికి 1830లో గవర్నరు జనరలు వాన్ డెన్ బాష్ 'సాగు విధానం' తెచ్చాడు. పల్లెలోని భూమిలో ఐదవ వంతు ప్రభుత్వం చెప్పిన పంటకు, అంటే కాఫీకో, చెరకుకో, నీలిమందుకో ఇవ్వాలి. భూమి లేనివాడు ఏడాదికి 66 రోజులు పని చేయాలి. ఇది కాగితం మీది లెక్క. నేల మీద ఐదవ వంతు ఎన్నో చోట్ల మూడవ వంతైంది, సగమైంది. పంట ఎక్కువ తెచ్చిన అధికారికి, ఊరి పెద్దకు కమీషను ముట్టేది. కాబట్టి రైతును పిండినవారిలో స్వదేశీ దొరలు కూడా ఉన్నారు. ఇది మనం దాచిపెట్టగూడదు.

1831 నుంచి 1877 వరకు ఈ దీవుల నుంచి హాలండు ఖజానాకు చేరిన మిగులు 82 కోట్ల గిల్డర్లకు పైన. ఆ డబ్బుతో అక్కడ అప్పులు తీరాయి, రైలు దారులు పడ్డాయి. ఇక్కడ 1840 దశకం చివర్లో దెమాక్, గ్రోబొగన్ జిల్లాల్లో ఘోరమైన కరువు వచ్చింది. జావా వంటి వరి నేలలో మనిషి అన్నం లేక చచ్చాడు. ఈ అన్యాయాన్ని లోకానికి చెప్పినవాడు కూడా ఒక డచ్చివాడే కావడం విశేషం. ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్ అనే మాజీ అధికారి 1860లో ముల్తాతులి అనే పేరుతో 'మాక్స్ హావెలార్' అనే నవల వ్రాశాడు. చదివిన హాలండు జనానికి తాము తాగే కాఫీలో ఏముందో తెలిసింది. మంచి మాట ఎవరి నోటి నుంచి వచ్చినా దానిని గౌరవించడం మన ధర్మం.

బడి తెరిచినవారు

ఇప్పుడు కథలో మలుపు. 1901లో హాలండు రాణి పేర, ఈ ప్రజల పట్ల మాకు నైతిక బాధ్యత ఉందని ప్రకటించారు. కొన్ని బడులు తెరిచారు. అవి ఎవరికి? దొరల పిల్లలకు, గుమాస్తాలుగా పనికివచ్చే కొద్దిమందికి. 1930 నాటి జనాభా లెక్కల్లో 6 కోట్ల జనం ఉంటే, స్వదేశీయుల్లో చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. ఈ చీకట్లో తమ దీపం తాము పెట్టుకున్నవారే ఇండోనేషియాను నిలబెట్టారు.

జపారా ప్రాంతపు రాచ కుటుంబంలో 1879లో పుట్టిన కార్తినిని పన్నెండవ ఏట బడి మాన్పించి పరదాలో ఉంచారు. ఆమె గదిలో కూర్చొని చదివింది, ఉత్తరాలు వ్రాసింది, ఆడపిల్లలకు చదువు చెప్పింది. 25వ ఏట, 1904లో, బిడ్డను కని చనిపోయింది. 1911లో అచ్చయిన ఆమె ఉత్తరాలు దేశాన్ని కదిలించాయి.

యోగ్యకర్తాలో హాజీ అహ్మద్ దహ్లాన్ గారు మక్కాలో చదువుకొని వచ్చిన ఆలిం. లెక్క ప్రకారం ఊరి కిబ్లా దిశ సరిగా లేదని చెప్పినందుకు ఆయన చిన్న నమాజు గృహాన్నే పడగొట్టించారు. ఆయన 1912 నవంబరు 18న ముహమ్మదియా సంఘాన్ని స్థాపించారు. ఖురాన్ చదువుతో పాటు లెక్కలు, భూగోళం నేర్పే బడి పెట్టారు. పిల్లలను బల్లల మీద కూర్చోబెట్టి, నల్లబల్ల మీద పాఠం చెప్పినందుకు "ఇది కాఫిర్ల పద్ధతి" అని మనవాళ్ళే నిందించారు. ఆయన కోపగించుకోలేదు, బడి మూయలేదు. ఆయన భార్య స్త్రీల కోసం 1917లో ఆయిషియా సంఘాన్ని నడిపించారు. ఆ ముహమ్మదియా నేడు వేలాది బడులనూ ఆసుపత్రులనూ వందకు పైగా ఉన్నత విద్యాసంస్థలనూ నడుపుతున్నది. పాత మదర్సాల ఉలమాలు 1926లో నహ్దతుల్ ఉలమా స్థాపించారు. ఈ రెండు సంఘాలకూ కొన్ని విషయాల్లో పడదు. అయినా దేశం అనే మాట వచ్చినప్పుడు ఒకటిగా నిలబడ్డాయి.

సుమత్రాలోని పదాంగ్ పంజాంగ్‌లో రహమా అల్ యూనుసియా అనే యువతి 1923లో ఆడపిల్లల కోసం దీనియా బడి తెరిచింది. మూడు దశాబ్దాల తరువాత కైరోలోని అల్ అజ్‌హర్ పెద్దలు ఆ బడిని చూసి మెచ్చుకున్నారు. 1957లో ఆమెకు 'షేఖా' అనే బిరుదునిచ్చి గౌరవించారు. అమ్మాయిలను ఏడవ తరగతితో మాన్పించే తండ్రులు మన పేటల్లో ఇంకా ఉన్నారు. వారు ఈ పేరు గుర్తుంచుకోవాలని మా మనవి.

మా వృత్తివాడు కాబట్టి ఒకాయన మీద మాకు పక్షపాతం ఎక్కువ. ఆయన సువర్ది సూర్యనింగ్రాత్. 1913లో హాలండు తాను నెపోలియన్ నుంచి విముక్తి పొంది నూరేళ్ళయిందని పండుగ చేసుకుంటూ, ఈ దీవుల జనం నుంచి కూడా చందాలు వసూలు చేసింది. "నేనే డచ్చివాడినైతే, బానిసగా ఉంచుకున్న జనం ఇంట్లో నా స్వాతంత్ర్య పండుగ చేసుకోవడానికి సిగ్గుపడతాను" అనే భావంతో ఆయన ఒక వ్యాసం వ్రాశాడు. దేశ బహిష్కారం చేశారు. హాలండులో ఉన్నన్నాళ్ళూ విద్యా శాస్త్రం చదివి, తిరిగి వచ్చి, 1922లో 'తమన్ సిస్వా' బడులు స్థాపించాడు. కీ హజర్ దేవాంతర అని పేరు మార్చుకున్నాడు. 1932లో ప్రభుత్వం అనుమతి లేని బడులను 'అడవి బడులు' అంటూ చట్టం తెచ్చినప్పుడు, మా బడులు మూయము, జైలుకు పొమ్మంటే పోతామని ఎదురునిలిచాడు. జాతీయవాదులు, ముస్లిం సంఘాలు అందరూ ఆయన వెంట నడిచారు. మరుసటి ఏడు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దేశం స్వతంత్రమైన తరువాత ఆయనే మొదటి విద్యామంత్రి. ఆయన పుట్టినరోజు మే 2 నేడు అక్కడ విద్యా దినోత్సవం.

ఇక భాష సంగతి. 1928 అక్టోబరు 28న యువకులు సమావేశమై ఒక ప్రతిజ్ఞ చేశారు. ఒకే మాతృభూమి, ఒకే జాతి, ఒకే ఐక్య భాష. ఆ భాష ఏది? జావా భాష మాట్లాడేవారే అందరికంటే ఎక్కువ. అయినా జావావారు తమ భాషను రుద్దలేదు. రేవుల్లో, బజార్లలో అందరికీ వచ్చిన మలయ్ భాషను ఇండోనేషియా భాషగా ఒప్పుకున్నారు. ఇళ్ళలో జావా, సుందా, బుగిస్ భాషలు అలాగే ఉన్నాయి. ఆ ఉమ్మడి భాషలో గురువు 'గురు'యే, భాష 'బహాసా', సోదరుడు 'సౌదారా'. అదే నోట దునియా, వక్త్, ఖబర్, హుకుం, అదాలత్‌లోని 'ఆదిల్', ప్రజలకు 'రాక్యాత్', అంటే మన రయ్యత్. సంస్కృతం, అరబ్బీ ఒకే వాక్యంలో పోట్లాడుకోకుండా కూర్చున్నాయి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకు ఇది వింతగా ఉండదు.

రంజాన్ నెలలో వచ్చిన స్వాతంత్ర్యం

1942లో జపాను సైన్యం వచ్చేసరికి డచ్చి ప్రభుత్వం కొద్ది వారాల్లో కూలింది. జపానువారూ తక్కువ తినలేదు, లక్షలాది మందిని వెట్టిచాకిరీకి ఈడ్చుకుపోయారు. జపాను లొంగిపోయిన రెండు రోజులకు, 1945 ఆగస్టు 17న, రంజాన్ నెల శుక్రవారం ఉదయం, జకార్తాలో తన ఇంటి ముందు సుకర్ణో స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. పక్కన హత్తా ఉన్నాడు. ప్రకటన రెండే వాక్యాలు. ఎగురవేసిన జెండా సుకర్ణో భార్య ఫత్మావతి కుట్టినది.

డచ్చివారు ఒప్పుకోలేదు. ముందు ఇంగ్లీషువారి సైన్యం దిగింది. విచారించవలసిన సంగతి ఏమిటంటే, ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయ సిపాయీలే. 1945 నవంబరు 10న సురబాయా నగరంలో భయంకర యుద్ధం జరిగింది. మన సిపాయీల్లో, ముఖ్యంగా ముస్లింలలో, వందలమంది తుపాకులతో సహా ఇండోనేషియన్ల వైపు చేరిపోయారు. ఒక గులాం చేత మరొక గులాంను కొట్టించే పద్ధతి అక్కడ బెడిసింది.

1946లో మన దేశం తిండిగింజలకు కటకటలాడుతున్నప్పుడు, ఇండోనేషియా ప్రధాని సుతాన్ షహ్రీర్ 5 లక్షల టన్నుల బియ్యం పంపుతామని నెహ్రూ గారికి కబురు పెట్టాడు. బదులుగా వారు కోరినవాటిలో బట్ట ముఖ్యం. మూడు వందల ఏళ్ళ క్రితం మన బట్ట పోయింది కంపెనీ ఓడలో. ఇప్పుడు ఇద్దరు పేద అన్నదమ్ములు మధ్యలో దళారీ లేకుండా ఇచ్చిపుచ్చుకున్నారు. 1947 జూలైలో డచ్చివారి దిగ్బంధం మధ్య బిజూ పట్నాయక్ విమానం నడుపుకొని పోయి షహ్రీర్‌ను ఢిల్లీ చేర్చాడు. 1948 డిసెంబరులో డచ్చివారు మళ్ళీ దాడి చేస్తే, 1949 జనవరిలో నెహ్రూ గారు ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం పిలిచారు. చివరకు 1949 డిసెంబరు 27న హాలండు అధికారం అప్పగించింది. ఊరికే కాదు. తన వలస ప్రభుత్వపు అప్పు 400 కోట్ల గిల్డర్లకు పైగా కొత్త దేశం నెత్తిన పెట్టింది. కొట్టినవాడు కర్ర ఖరీదు కూడా వసూలు చేసుకున్నట్లయింది.

1955 ఏప్రిల్‌లో అదే ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమైనాయి. ఇక హాలండు తన తప్పు ఒప్పుకోవడానికి ఎంతో కాలం పట్టింది. 1947లో రావాగెదే గ్రామంలో మగవారిని వరుసగా నిలబెట్టి కాల్చినందుకు 2011లో, ఆ యుద్ధంలోని దౌర్జన్యాలకు 2020లో రాజు, 2022లో ప్రధాని క్షమాపణ చెప్పారు. స్వాతంత్ర్య దినం 1945 ఆగస్టు 17 అని సంపూర్ణంగా ఒప్పుకున్నది 2023లో. డెబ్బై ఎనిమిదేళ్ళు!

నిజం చెప్పేటప్పుడు సగం చెప్పగూడదు. ఇంత బాధపడిన ఇండోనేషియా కూడా 1975లో పక్కనున్న తూర్పు తిమోర్ మీదికి సైన్యాన్ని పంపింది. పోర్చుగీసువారి నుంచి అప్పుడే బయటపడుతున్న ఆ చిన్న దేశం 1999 దాకా ఆ ఏలుబడిలో నలిగి, 2002లో స్వతంత్రమైంది. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టడని నమ్మకం లేదు. జులుం ఎవరు చేసినా జులుమే. మనవాడు చేశాడని దానికి మరో పేరు పెట్టరాదు.

పిల్లవాడికి మా జవాబు

బాబూ, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు విను. వాళ్ళు ఫిరంగులతో మాత్రమే పట్టుకోలేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకొని పట్టుకున్నారు. అన్నదమ్ముల తగవులో దూరి పట్టుకున్నారు. కమీషను ఆశ చూపి మన పెద్దల చేతనే మన రైతును పిండించారు. పట్టనిచ్చింది చదువులేమి, అనైక్యత, స్వార్థం. విడిపించింది వీరుల రక్తం ఒక్కటే కాదు. దీపొనెగొరో, చుత్ న్యా ధీన్‌ల వీరత్వం తక్కువదా? అయినా వారు ఓడిపోయారు. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కొక్క దీవిలో ఒంటరిగా పోరాడారు. దీవులన్నీ ఒకరి మాట ఒకరు చదువుకోగలిగిన తరువాతనే దేశం నిలబడింది. ఆ పని చేసినవారు బడి పంతుళ్ళు, ఉలమాలు, ఉత్తరాలు వ్రాసిన ఒక పరదా అమ్మాయి.

మన సంఘం ప్రతి ఏడూ పుస్తకాలు పంచుతున్నది, ఫీజులు కడుతున్నది, సాయంత్రం ట్యూషన్లు నడుపుతున్నది. "దీనితో ఏమవుతుంది, నలుగురు పిల్లలు పాసవుతారు, అంతే గదా" అనే మాట అప్పుడప్పుడు మా చెవిన పడుతుంది. అహ్మద్ దహ్లాన్ గారి మొదటి బడిలో కూడా ఉన్నది కొద్దిమంది పిల్లలే. కాబట్టి ఈ చిన్న పనిని చిన్నదిగా చూడవద్దని, పేట పేటకూ ఉన్న చిన్న తగవులను మసీదు గడప దగ్గరే వదిలి అందరూ చేయి కలపాలని సంఘం సభ్యులకు మా విన్నపం.

ఇంట్లో బిర్యానీ వండిన రోజు డబ్బాలోని జాజికాయను ఒకసారి పిల్లల చేతిలో పెట్టి ఈ కథ చెప్పండి. ఆ చిన్న కాయ కోసం ఒక జాతి ఊచకోతకు గురైందని, ఆ దేశం తిరిగి లేచి నిలబడిందని వారికి తెలియాలి. పరాయివాడి కాగితాన్ని చదివి అర్థం చేసుకోగల శక్తిని, తమవారితో కలిసి నిలబడగల బుద్ధిని అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక. ఆమీన్.